పక్షవాతం తర్వాత అపోహలు - వాస్తవాలు: "పూర్తిగా తగ్గాక చూద్దాం" అనకండి

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరినవాళ్లకు ఫిజియోథెరపీ చేయించడం నా పని. ఏ ఇంటికి వెళ్లినా వినిపించే మాట ఒకటుంది: "ముందు పూర్తిగా తగ్గనివ్వండి మేడమ్, తర్వాత అన్నీ చూసుకుందాం." షాపు తెరవడం తగ్గాక. చుట్టాలింటికి వెళ్లడం తగ్గాక. చివరికి తన అన్నం తను తినడం కూడా తగ్గాకే. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ పావురం రక్తం, ఆకుపసరు లాంటి నాటువైద్యాలన్నీ కలిసి చేసే నష్టం కంటే ఈ మాట చేసే నష్టమే నేను ఎక్కువ చూశాను.

అపోహ: చెయ్యి వచ్చాక పని మొదలుపెట్టాలి.

వాస్తవం: పని మొదలుపెడితేనే చెయ్యి వస్తుంది, రాగలిగినంత.

మెదడులో ఒక భాగం దెబ్బతిన్నప్పుడు, అది చేయించే పనిని మిగతా భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. నేర్చుకోవాలంటే ఆ పని పదే పదే జరగాలి. జరగకపోతే, కదిలే శక్తి కాస్త మిగిలి ఉన్నా మనిషి ఆ చేతిని వాడటం మానేస్తాడు. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త మొదట కోతుల్లో, తర్వాత మనుషుల్లో దీన్ని గమనించాడు. బాగున్న చేతికి గ్లౌజు తొడిగి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. స్ట్రోక్ (పక్షవాతం) వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందితో ఈ పద్ధతిని పరీక్షించిన అధ్యయనం 2006లో అచ్చయింది. 2 వారాల సాధనతో వచ్చిన మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి ఎత్తగలిగేవాళ్లకే ఈ పద్ధతి పనికొస్తుంది. ఇంట్లో ఎవరికి వారు మొదలుపెట్టేది కాదు.

అసలు కదలనే కదలని చేతికైతే ఏం పని చెప్తాం? దానికీ ఉంది.

కుట్టుపని చేసే ఒకావిడకు కుడి వైపు పడిపోయింది. నడక వచ్చింది. చెయ్యి భుజం దగ్గర మాత్రమే కదిలేది, వేళ్లు ముడుచుకునే ఉండేవి. మిషన్ మీద దుప్పటి కప్పేసి, దానిపైన మందుల డబ్బాలు సర్దుకున్నారు. "చెయ్యి రానీ అమ్మా, మొదటి జాకెట్టు నీకే కుడతా" అనేవారు. నెలలు గడిచాయి. ఒకరోజు డబ్బాలన్నీ తీసి కిటికీలో పెట్టి, పాత చీర ముక్క ఒకటి తెమ్మన్నాను. బల్ల మీద గుడ్డ పరిచి, ముడుచుకున్న వేళ్లు మెల్లగా తెరిచి, కుడి అరచేతిని దాని మీద ఆనించాం. గుడ్డ జరగకుండా ఆ చెయ్యి ఆపింది. ఎడమ చేత్తో సుద్దగీత గీశారు. గీత వంకర పోయింది, కత్తెర ఎడమ చేతికి లొంగలేదు, ఆవిడకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడవనిచ్చాను. ఆ ఏడుపు న్యాయమైనదే. కానీ ఆ రోజు నుంచి ఆ చేతికంటూ ఒక పని ఉంది.

ఇప్పుడు కత్తిరించడం, కుట్టడం కోడలు చూసుకుంటుంది. కొలతలు చెప్పి రాయించడం, రేట్లు మాట్లాడటం, కుట్టు సరిగా పడకపోతే విప్పించడం ఆవిడ పని. వేళ్లు పూర్తిగా తెరుచుకోలేదు, తెరుచుకుంటాయని నేను మాటివ్వనూ లేదు. షాపు మాత్రం నడుస్తోంది.

ఇంట్లోవాళ్లకు నేను చెప్పేది ఇదే. భోజనం దగ్గర పడిపోయిన చేతిని ఒళ్లో దాచకుండా బల్ల మీద, కంచం పక్కన పెట్టించండి. చొక్కా తొడుక్కునేటప్పుడు ఆ చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. పావుగంట పడుతుందా? పట్టనివ్వండి. మీరు రెండు నిమిషాల్లో తొడిగేస్తే ఆ రోజు సాధన పోయినట్టే.

మనవాళ్లలో ఇంకో చిక్కుంది, ఎడమ చేత్తో తినడం. మా పెదనాన్న స్కూలు మాస్టారు. కుడి చెయ్యి పడిపోయాక నలుగురిలో ఎడమ చేత్తో తినడానికి నామోషీ పడి, సొంత మనవడి అన్నప్రాసన రోజు కూడా గదిలోంచి బయటకు రాలేదు. "చెయ్యి బాగయ్యాక అందరితో కూర్చుంటాలే" అనేవారు. ఆ చెయ్యి బాగవలేదు. ఆయన ఆ తర్వాత ఏళ్లపాటు బతికారు, ఒక్క బంతిలోనూ కూర్చోకుండా. నాకు ఇప్పటికీ బాధ అదే. చెంచా ఇవ్వండి, ఎడమ చెయ్యి వాడనివ్వండి, కానీ మనిషిని బంతిలో కూర్చోబెట్టండి.

అపోహ: ఆయనకు పట్టుదల లేదు, అందుకే కోలుకోవడం లేదు.

స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడింట ఒక వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఎక్సర్‌సైజ్ అనగానే గోడవైపు తిరిగి పడుకోవడం చూసి మొండితనం అనుకుంటారు. దానికి వైద్యం ఉంది, డాక్టర్‌తో చెప్పండి. "ధైర్యంగా ఉండాలి" అని రోజూ చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: 6 నెలలు దాటితే ఇక అంతే.

మొదటి 3 నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడమంటే ఆగిపోవడం కాదు. ఏడాది దాటాక కొత్త పని నేర్చుకున్నవాళ్లను చూస్తూనే ఉన్నాను.

అపోహ: మొదటి రోజు నుంచే గట్టిగా నడిపిస్తే త్వరగా తగ్గుతుంది.

ఇదీ తప్పే. 24 గంటల్లోపే ఎక్కువెక్కువగా లేపి కూర్చోబెట్టి, నడిపిస్తే ఫలితం తగ్గిందని 2015లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఎప్పుడు, ఎంత అన్నది మీ డాక్టర్, ఫిజియో చూసి చెప్పాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పావురం రక్తం రాస్తే నరాలకు వేడి పుడుతుందన్నది పుకారు. దెబ్బ తగిలింది మెదడుకు, చర్మానికి కాదు. పైన కప్పీ కట్టి తాడుతో చెయ్యి లాగించకండి, భుజం నొప్పి ముదురుతుంది. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగకండి, కీలు జారుతుంది. మాట రానివాళ్లకు అర్థం కాదనుకుని వాళ్ల ముందే ఖర్చుల గురించి మాట్లాడకండి. చాలామందికి అన్నీ అర్థమవుతాయి.

ఇక బీపీ నార్మల్‌కి వచ్చింది కదా అని మాత్రలు ఆపేవాళ్లకు: అది మాత్రల వల్లే నార్మల్‌గా ఉంది. ఆపితే రెండో స్ట్రోక్ రావచ్చు. మూతి పక్కకు పోయినా, ఒక చెయ్యి ఎత్తితే నిలవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. అందుకని మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన టైమ్ గుర్తుపెట్టుకుని డాక్టర్‌కి చెప్పండి. నిద్రలో వచ్చి ఉంటే, తెల్లారి లేచిన టైమ్ కాదు, రాత్రి పడుకున్న టైమ్ చెప్పాలి.