582 దగ్గర ఆగిన జాబితా

హత్యకు గురైన, తప్పిపోయిన ఆదివాసీ స్త్రీల పేర్లతో కెనడా ఆదివాసీ మహిళల సంఘం తయారుచేసిన జాబితాలో 2010 మార్చి 31 నాటికి 582 పేర్లు చేరాయి. అందరూ కెనడా ఆదివాసీలలోని ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటిస్ వర్గాల మహిళలు, బాలికలు. వారిలో 67 శాతం మంది హత్యకో, ఎవరి నిర్లక్ష్యానికో బలైనవారు. 20 శాతం మంది ఆచూకీ తెలియలేదు. ఈ పనికి డబ్బిచ్చింది ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వమే. 2006లో అధికారంలో ఉన్న పార్టీ మారింది. 2010లో గ్రాంటు ఆగిపోయింది. ఇవాళ కెనడాలో మే 5న ఈ స్త్రీల స్మరణగా చెట్లకు, కిటికీలకు ఎర్ర గౌన్లు వేలాడుతుంటే ఫొటోలు తీసుకునే వారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువే. ఆ తరువాతి పదిహేనేళ్ల వాదనలన్నీ మాత్రం దీని చుట్టూనే తిరిగాయి.

జాబితా అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1876 నాటి కెనడా ‘ఇండియన్’ (అంటే ఆదివాసీల) చట్టం ప్రకారం ఆదివాసీ స్త్రీ బయటివాడిని పెళ్లాడితే ఆమె ఆదివాసీ హోదా రద్దయ్యేది. పుట్టిన రిజర్వులో, అంటే ఆదివాసీలకు కేటాయించిన భూమిలో, నివసించే హక్కు పోయేది. అదే పని పురుషుడు చేస్తే అతని హోదాకు ఢోకా లేదు సరికదా, ఆ పెళ్లితో బయటి స్త్రీకి కూడా హోదా దక్కేది. దీన్ని సవాలు చేసిన జెనెట్ కార్బియర్ లవెల్ 1973లో సుప్రీంకోర్టులో 5–4 తేడాతో ఓడిపోయారు. ఆ మరుసటి ఏడాదే జాతీయ స్థాయిలో ఈ ఆదివాసీ మహిళల సంఘం పుట్టింది. న్యూబ్రన్స్‌విక్‌కు చెందిన శాండ్రా లవ్‌లేస్ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లి 1981లో గెలిచారు. చట్టం మారడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. అప్పటికి ఎందరో స్త్రీలు సొంత ఊరికి పరాయివాళ్లై, నగరాల్లో అద్దె గదుల పాలయ్యారు. హింసను పోలీసు సమస్యగా మాత్రమే చూసేవారు ఈ వందేళ్ల చరిత్రను పక్కన పెట్టేస్తారు.

ఇక పోలీసుల సంగతి. 1971లో మానిటోబాలోని ద పా పట్టణంలో 19 ఏళ్ల క్రీ తెగ విద్యార్థినిని నలుగురు శ్వేతజాతి యువకులు కారులోకి లాక్కెళ్లారు. ఆమె హత్యకు గురైంది. ఎవరి పనో ఊళ్లో చాలామందికి తెలుసు. అయినా కేసు కోర్టు మెట్లెక్కడానికి పదహారేళ్లు పట్టింది, శిక్ష పడింది ఒక్కడికి. వాంకూవర్‌లో ఇలా చనిపోయిన, తప్పిపోయిన స్త్రీల బంధువులు, స్నేహితులు 1992 నుంచి ప్రతి ఫిబ్రవరి 14న వీధుల్లోకి వస్తూనే ఉన్నారు. పోలీసులు మాత్రం, తప్పిపోయినవాళ్లు ఊరు విడిచి ఎక్కడికో వెళ్లి ఉంటారనే ధోరణిలోనే చాలాకాలం గడిపారు.

మొత్తం ఎందరు అని అడిగితే ప్రభుత్వం దగ్గర జవాబు ఉండేది కాదు. పోలీసు రికార్డుల్లో బాధితురాలు ఆదివాసీ అవునో కాదో చాలాచోట్ల రాసేవారే కాదు. అందుకే బెవర్లీ జేకబ్స్ అధ్యక్షురాలిగా ఉన్న సమయంలో మహిళల సంఘం ‘సిస్టర్స్ ఇన్ స్పిరిట్’ ప్రాజెక్టు చేపట్టింది. 2005లో ఐదేళ్లకు 50 లక్షల డాలర్ల గ్రాంటు మంజూరైంది. పరిశోధకులు పాత పత్రికలు, కోర్టు పత్రాలు తిరగేసి ఒక్కో పేరునూ నిర్ధారించుకునేవారు. ఆపైన ఇంటివాళ్లతో కూర్చుని ఆమె జీవితమంతా చెప్పించుకునేవారు. ఎలా చనిపోయిందన్నది అందులో ఒక భాగం మాత్రమే. ఎవరి కూతురు, ఎవరి తల్లి, ఏం చదివింది, ఏం ఇష్టపడేది అన్నవీ రికార్డుకెక్కేవి. నా దృష్టిలో ప్రాజెక్టు అసలు బలం ఇదే. కేసు నంబరుగా ఫైలులో పడి ఉన్న మనిషి మళ్లీ మనిషైంది. అక్టోబరు 4న ఊరూరా జరిగే స్మరణ సభలు కూడా ఆ రోజుల్లోనే మొదలయ్యాయి.

గ్రాంటు గడువు తీరేసరికి సాక్ష్యం చేతికొచ్చింది. హత్య కేసుల్లో దాదాపు సగం తేలలేదని జాబితా చెప్పింది. 2010 అక్టోబరులో ప్రధాని స్టీఫెన్ హార్పర్ ప్రభుత్వం కోటి డాలర్లు ప్రకటించింది. అందులో పెద్ద వాటా పోలీసుల ఆధ్వర్యంలో, తప్పిపోయిన వారందరి కోసం పెట్టే కేంద్రానికి వెళ్లింది. ఈ జాబితాకు పైసా లేదు. ఆధారాలు తెమ్మన్నదీ ఒట్టావాయే, తెచ్చాక తలుపు మూసిందీ ఒట్టావాయే. పోయిన కూతురి కోసం ఎదురుచూసే తల్లికి ఆర్థిక సంవత్సరం ఉండదు. ప్రాజెక్టుకు ఉంటుంది. గ్రాంట్ల మీద నడిచే ఏ ఉద్యమానికైనా తప్పని చిక్కు ఇది.

లెక్క మాత్రం ఆగలేదు. ఒట్టావా విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధకురాలు డాక్టరేట్ కోసం బహిరంగ రికార్డుల నుంచే 824 మంది వివరాలు సేకరించారు. ఆ తాకిడికి కేంద్ర పోలీసు దళం 2014లో సొంత ఫైళ్లు తీయక తప్పలేదు. 1980 నుంచి 2012 వరకు 1,017 హత్యలు, ఆచూకీ లేని వారు 164 మంది. మొత్తం 1,181. స్త్రీ జనాభాలో 4.3 శాతమే ఉన్న వర్గం హత్యకు గురైన స్త్రీలలో 16 శాతం. కానీ హత్య కేసుల్లో 88 శాతం ఛేదించామని అదే నివేదిక చెప్పుకుంది. సంఘం లెక్కకూ దీనికీ పొంతన లేదు. ఆత్మహత్య, మత్తుమందు మోతాదు మించడం అంటూ పోలీసులు మూసేసిన మరణాలు ఇందులోకి రానే లేదని కుటుంబాల ఆరోపణ. అదే ఏడాది విన్నిపెగ్‌లో రెడ్ నదిలో 15 ఏళ్ల బాలిక మృతదేహం దొరికినప్పుడు హార్పర్ దీన్ని నేరంగా చూడాలే తప్ప సామాజిక సమస్యగా చూడకూడదన్నారు. 

ప్రభుత్వం మారాక 2016లో జాతీయ విచారణ మొదలైంది. న్యాయమూర్తి మారియన్ బుల్లర్ నేతృత్వం, 5.38 కోట్ల డాలర్ల బడ్జెట్, రెండేళ్ల గడువు. మళ్లీ గడువే! మధ్యలో ఒక కమిషనర్ రాజీనామా చేశారు. ఇంకో రెండేళ్లు కావాలంటే ఆరు నెలలు ఇచ్చారు. 2019 జూన్ 3న వెలువడిన తుది నివేదిక దీన్ని జాతి నిర్మూలనగా పేర్కొంటూ 231 డిమాండ్లను ముందుంచింది. 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చే వేళకు, మొదటి జాబితా రాసిన సంఘమే ఆ ప్రక్రియ నుంచి తప్పుకొని సొంత ప్రణాళిక ప్రకటించింది. 2023లో సీబీసీ వార్తాసంస్థ పరిశీలిస్తే 231లో పూర్తిగా అమలైనవి రెండే.

సిఫార్సులు ఎలా కరుగుతాయో చూడాలంటే బ్రిటిష్ కొలంబియాలోని 16వ నంబరు రహదారి చాలు. ప్రిన్స్ రూపర్ట్ నుంచి ప్రిన్స్ జార్జ్ దాకా సుమారు 720 కిలోమీటర్లు. కన్నీటి రహదారి అని దానికి పేరు. బస్సు లేక, దారిన పోయే వాహనం ఆపి ఎక్కినవారు ఎందరో తిరిగి రాలేదు. 2006లో కుటుంబాలు, తెగల పెద్దలు కూర్చుని 33 సిఫార్సులు చేశారు. వాటిలో మొదటిది బస్సు. కొత్త బస్సులు రోడ్డెక్కింది 2017లో. ఈ మధ్యలో, ఆ రహదారికి సంబంధించిన ఈమెయిళ్లు కావాలని సమాచార హక్కు కింద అడిగితే రవాణా శాఖలో ఒక ఉద్యోగి వాటిని చెరిపేశాడని 2015లో విచారణ తేల్చింది. బస్సు అడిగితే పదకొండేళ్లు, ఈమెయిళ్లు చెరపడానికి మాత్రం క్షణం.

విన్నిపెగ్‌లో ఒకే హంతకుడి చేతిలో చనిపోయిన నలుగురు ఆదివాసీ మహిళల్లో ఇద్దరి అవశేషాలు ప్రెయిరీ గ్రీన్ డంపింగ్ యార్డులో ఉన్నాయని పోలీసులు 2022లో నమ్మినా, వెతకడం సాధ్యం కాదన్నారు. 8.4 కోట్ల నుంచి 18.4 కోట్ల డాలర్ల దాకా ఖర్చవుతుందని ఒక అధ్యయనం అంచనా వేసింది. అప్పటి మానిటోబా ప్రభుత్వం ఆ నిరాకరణనే 2023 ఎన్నికల ప్రచారాంశం చేసుకుని ఓడిపోయింది. ఆ ప్రావిన్స్ ప్రభుత్వాధినేతగా వచ్చిన కొత్త ప్రీమియర్ వాబ్ కిన్యూ హయాంలో 2024 డిసెంబరులో తవ్వకం మొదలైంది. 2025 మార్చికల్లా ఇద్దరినీ గుర్తించారు. మూడేళ్లపాటు పేరు తెలియని నాలుగో మహిళ ఎవరో కూడా ఆ నెలలోనే తేలింది. ఆమె అవశేషాలు బ్రాడీ రోడ్‌లోని మరో యార్డులో ఉండవచ్చని పోలీసులు చెప్పారు. దాన్నీ తవ్విస్తామని కిన్యూ మాట ఇచ్చారు.