రంపం ఎందుకు మూలిగిందంటే

బుజ్జీ, చిన్నా,

మీ ఉత్తరం అందింది. నాన్న షెడ్డులో చెక్క కోస్తుంటే కరెంటు రంపం మూలిగిందనీ, ఎక్స్‌టెన్షన్ వైరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందనీ రాశారు. కొత్త రంపం కదా తాతయ్యా, ఎందుకలా అని అడిగారు. రంపం మంచిదేరా. వైరే సన్నం.

దివిసీమలో మన చేనుకి నీళ్లు తెచ్చే బోదె చూశారుగా. బెజవాడ బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పైవాళ్ల చేలన్నీ తడిపాకే మనదాకా రావాలి. నాకు పదేళ్లప్పుడు ఒక రాత్రి మా నాన్నతో లాంతరు పట్టుకుని గట్టు మీద కాపలా కూర్చున్నాను. బోదె మొదట్లో మోకాలి లోతు నీళ్లు. మన మడి దగ్గర చీలమండ కూడా తడవట్లేదు. నాన్న పైచేలవాళ్లతో తగాదాకి పోలేదు. పార తీసుకుని బోదెలోకి దిగి, పూడిక తీసి, గట్లు చెక్కి వెడల్పు చేశారు. తెల్లవారుజామున చీకట్లో ముందు గలగలమని చప్పుడు విన్నాను, ఆ తర్వాత కాళ్లకు చల్లగా తగిలాయి నీళ్లు. ఆ చల్లదనం ఇప్పటికీ మరిచిపోలేదు.

వైరూ బోదెలాంటిదే. గోడ దగ్గర 230 వోల్టులుంటాయి. వైరు సన్నమై, పొడవు కూడా అయితే దారిలో కొంత పోతుంది. బోదెలో నీళ్లు నేలలో ఇంకుతాయి, వైరులో కరెంటు శక్తి కొంత వేడిగా మారుతుంది. రంపానికి చాలినంత అందక మూలుగుతుంది, దాని మోటారూ కాలిపోవచ్చు. వైరు చుట్ట విప్పకుండా వాడితే ఆ వేడి బయటికి పోలేక పై తొడుగు మెత్తబడి కరుగుతుంది. అందుకని ఎంత దగ్గర పనైనా చుట్ట మొత్తం విప్పమనండి.

నాన్న రంపం మీద 1400 వాట్లని ఉందని రాశారు. దాన్ని 230తో భాగిస్తే రంపం ఎన్ని ఆంపియర్ల కరెంటు లాగుతుందో తెలుస్తుంది. 6 దాటింది కదా? స్విచ్ నొక్కిన క్షణంలో ఇంకా ఎన్నో రెట్లు లాగుతుంది. టీవీకి వాడే 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికి చాలదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనమనండి. పెరటి చివరిదాకా, అంటే ముప్ఫై మీటర్లు లాగాలంటే 2.5ది కావాలి. ఒక బాక్సుకి ఇంకో బాక్సు తగిలించి పొడవు పెంచొద్దు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుది. గోడకి పట్టలేదని దాన్ని విరిచేవాళ్లను చూశాను. ప్రాణం కాపాడేది అదేరా, ఎవరినీ విరవనివ్వకండి.

ఆదివారం నాన్నని పక్కన ఉంచుకుని, ప్లగ్గు గోడ నుంచి పీకించాక, వైరు తొడుగు మీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి. చీమల బారులా సన్నటి అక్షరాలుంటాయి, వాటి మధ్య లోపలి రాగి మందం చెప్పే ఒక అంకె. 0.75 ఉందో, 1 ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య