గోడ మీద పెన్సిల్ గీత

అమ్మలూ,

"మేమెలా చదువుతామో మా టీచర్లకు తెలుసు కదా తాతయ్యా, మళ్ళీ దేశమంతటికీ ఒకే పరీక్ష ఎందుకు?" అని అడిగావు. ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు.

గోడ మీద గీత గీసి నీ ఎత్తు కొలుస్తాం కదా. అదే జానలతో కొలిస్తే? మీ నాన్న జాన వేరు, పక్కింటాయన జాన వేరు. అందరికీ ఒకే టేపు పెడితే ఆ పేచీ ఉండదు. దేశమంతటికీ ఒకే పరీక్ష అలాంటి టేపే. 1808లో నెపోలియన్ పెట్టించిన బాకలోరియా అనే బడి చివరి పరీక్ష ఫ్రాన్సులో ఇంకా నడుస్తూనే ఉంది. పేపరు దిద్దేవాళ్ళకు నీ నంబరే కనబడాలి, నువ్వెవరి అమ్మాయివో తెలియకూడదు. పేరులేని బడిలో చదివిన పిల్లలకు అంతకంటే అండ ఏముంటుంది?

2020లో కరోనా వచ్చి ఇంగ్లండులో పరీక్షలు రద్దయ్యాయి. టీచర్ల అంచనాలను కంప్యూటర్ లెక్కతో సవరించారు. ఆ బడిలో అంతకుముందు చదివినవాళ్ళ ఫలితాలను కూడా ఆ లెక్కలో కలిపారు. అంటే మీ అక్కల ఎత్తు చూసి నీ ఎత్తు చెప్పినట్టు! చాలామందికి గ్రేడు తగ్గింది. పిల్లలు రోడ్డెక్కారు, నాలుగైదు రోజుల్లోనే ఆ లెక్క వెనక్కి పోయింది.

అయితే టేపుకు తెలిసింది ఎత్తొక్కటే, నీ పరుగు దానికి తెలియదు. పైగా కొలిచేది ఏడాదికోసారి. దక్షిణ కొరియాలో నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్షలో పిల్లలు ఇంగ్లీషు విని రాస్తున్నంతసేపు విమానాలను ఎగరనివ్వరు, దిగనివ్వరు. ఆకాశమే ఊపిరి బిగబట్టుకుంటే లోపల కూర్చున్న పిల్లకు టెన్షన్ ఉండదూ?

నా సంగతి విను. లెక్కల పేపరు చివరి పేజీ తిప్పడం మర్చిపోయాను. బెల్లు కొట్టాక చూస్తే వెనకాల రెండు లెక్కలు, రెండూ నాకొచ్చినవే! ఇప్పటికీ కలలో ఆ కాగితం తిరగేస్తూనే ఉంటాను. ఇంకో దొంగతనం కూడా చెబుతాను, బడిలో ఎత్తు కొలిచేటప్పుడు మడమలు లేపేవాణ్ణి. మోడల్ పేపర్లు బట్టీ పట్టడం కూడా అలాంటిదే. "ఇది పరీక్షలో రాదు" అని పాఠం దాటేసే మేష్టారు ఆ మడమ కింద ఇటుక పెట్టినట్టే.

మరి ఉంచాలా, తీసేయాలా అంటావు. టేపు పారేయొద్దనే నా మాట. కానీ ఏడాది పొడుగునా చేసిన పనికీ మార్కులుండాలి, తప్పినవాళ్ళు మళ్ళీ రాసుకోవాలి.

రేపు పొద్దున మంచం దిగగానే గోడకు నిలబడి గీత గీయించుకో. రాత్రి పడుకోబోయే ముందు ఇంకోటి. రెండూ ఒకచోట పడవు చూడు. వెన్నుపూసల మధ్య మెత్తలు పగలంతా మన బరువుకు అణుగుతాయి. వాటిలో ఏ గీత నీ ఎత్తో నాకు రాయి. మడమలు మాత్రం లేపకు.

మీ తాతయ్య