మార్నర్ లేని మేపుల్ లీఫ్స్: చేజారిన 2023 జూన్

కెనడాకు చెందిన ఐస్ హాకీ జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్ 2025-26 సీజన్‌కు సిద్ధమవుతున్న వేళ మిచ్ మార్నర్ నిష్క్రమణపై వాదన మళ్లీ రాజుకుంది. తొమ్మిది సీజన్లలో 657 మ్యాచ్‌లు ఆడి 741 పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) సాధించిన ఆటగాడు మరో జట్టు వేగస్ గోల్డెన్ నైట్స్‌కు వెళ్లిపోతే, బదులుగా దక్కింది నికొలస్ రువా ఒక్కడే. ముందే బదిలీకి మార్నర్ సహకరించి ఉంటే జట్టుకు ఇంత నష్టం జరిగేది కాదని ఒక వర్గం అంది. 1967 తర్వాత ఈ జట్టు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలవలేదన్న సంగతి అందరికీ తెలిసిందే. ఈ పరిస్థితికి అసలు కారణం మాత్రం 2023 జూన్‌లో ఉంది.

ఐపీఎల్ జట్ల పర్సుకు హద్దు ఉన్నట్టే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోనూ జట్టు చెల్లించే జీతాలకు శాలరీ క్యాప్ (గరిష్ఠ పరిమితి) ఉంటుంది. 2018 జూలై 1న జాన్ టవారెస్‌ను ఏడేళ్లకు 7.7 కోట్ల డాలర్లతో తెచ్చుకున్న లీఫ్స్, ఏడాదిన్నర తిరగకుండానే విలియం నైలాండర్, ఆస్టన్ మాథ్యూస్, మార్నర్‌లతోనూ భారీ ఒప్పందాలు కుదుర్చుకుంది. అంతలో కోవిడ్ వచ్చి, పెరుగుతుందనుకున్న క్యాప్ మూడు సీజన్ల పాటు 8.15 కోట్ల డాలర్ల దగ్గరే నిలిచిపోవడంతో దాదాపు సగం ఈ నలుగురికే పోయింది. 2019 సెప్టెంబరులో మార్నర్ సంతకం చేసిన ఆరేళ్ల ఒప్పందంలో మరో అంశం ఉంది. 2023 జూలై 1 నుంచి అతని అనుమతి లేకుండా జట్టు అతన్ని బదిలీ చేయడానికి వీల్లేని నో మూవ్ క్లాజ్ అది.

2023 వసంతంలో లీఫ్స్ టాంపా బేపై గెలిచి, 2004 తర్వాత తొలిసారి ఒక ప్లేఆఫ్ సిరీస్ (ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారే నెగ్గే, గరిష్ఠంగా ఏడు మ్యాచ్‌ల నాకౌట్ పోరు) దక్కించుకున్నా, తర్వాతి రౌండ్‌లో ఫ్లోరిడా చేతిలో అయిదు మ్యాచ్‌ల్లోనే ఓడింది. మే 19న జనరల్ మేనేజర్ కైల్ డూబాస్‌ను సాగనంపి, మే 31న బ్రాడ్ ట్రెలివింగ్‌ను నియమించారు. మార్నర్‌ను బదిలీ చేసి సరైన ప్రతిఫలం పొందడానికి కొత్త మేనేజర్‌కు మిగిలింది సరిగ్గా ఒక నెల. జట్టు ఆ నెలను వదులుకుంది. ఆగస్టులో మాథ్యూస్‌కు, 2024 జనవరిలో నైలాండర్‌కు ఒప్పందాలు పొడిగించారు గానీ మార్నర్ విషయం తేలలేదు.

2025 మార్చిలో మికో రాంటనెన్ అనే ఆటగాడి కోసం కరోలినా జట్టుతో బేరం నడిచినప్పుడు మార్నర్ అంగీకరించలేదని వార్తలు వచ్చాయి. అది జట్టే రాసిచ్చిన హక్కు. పైగా ఆ సీజన్‌లో అతను 102 పాయింట్లు సాధించగా, జట్టు లీగ్ పట్టికలో 108 పాయింట్లతో అట్లాంటిక్ డివిజన్ అనే గ్రూపులో అగ్రస్థానంలో నిలిచింది. మే 18న సొంతగడ్డపై ఫ్లోరిడాతో జరిగిన ఏడో మ్యాచ్‌లో 6-1తో ఓడినప్పుడు నిందంతా అతనిపైనే పడింది. అంతకుముందు 2018, 2019, 2021, 2022, 2024ల్లోనూ ఏడో మ్యాచ్‌లోనే చేతులెత్తేసింది జట్టు మొత్తం. ఫ్లోరిడా చేతిలో ఓటమి తర్వాత జట్టు స్వభావం మారాలని ట్రెలివింగ్ వాదించాడు.

2025-26కు క్యాప్ 9.55 కోట్ల డాలర్లకు పెరిగింది, టవారెస్ ఏడాదికి 43.8 లక్షల డాలర్లకే ఉండిపోయాడు. మటియాస్ మాచెలి, డకోటా జాషువా చేరారు. గోల్‌కీపర్ ఆంథనీ స్టొలార్జ్, డిఫెన్స్‌లో క్రిస్ టానెవ్, జేక్ మెకేబ్ ఉండగా ప్లేఆఫ్స్‌కు చేరే సత్తా ఆ జట్టుకు ఉందనిపించింది. కానీ పవర్ ప్లేలో (శిక్షపడి ప్రత్యర్థికి ఆటగాళ్లు తగ్గినప్పుడు) పాస్‌లు అందించి, పెనాల్టీ కిల్‌లోనూ (తమకే ఆటగాళ్లు తగ్గినప్పుడు) నిలబడ్డ ఆటగాడికి బదులు దొరకలేదు కనుక మళ్లీ డివిజన్ గెలవడం కష్టమే అనిపించింది. గాయాల మధ్య 69 గోల్స్ నుంచి 33కు పడిపోయిన మాథ్యూస్ కోలుకోవడమే ఆ సీజన్‌కు కీలకంగా కనిపించింది. 2028లో ముగిసే అతని ఒప్పందంలోనూ నో మూవ్ క్లాజ్ ఉంది.