కిలోమీటర్ల పంపకం: రెండు ఆర్టీసీలు, ఒకే హైవే, మధ్యలో ట్రావెల్స్

2020 దసరాకు హైదరాబాద్ నుంచి విజయవాడకు నేరుగా ఆర్టీసీ బస్సు లేదు. లాక్‌డౌన్ సడలించి నెలలు గడిచాయి, రైళ్లు కొన్ని తిరుగుతున్నాయి, సొంత కార్లకు అడ్డు లేదు. ఆర్టీసీ బస్సు మాత్రం రాష్ట్ర సరిహద్దు దాటలేదు. పండగ రద్దీ తట్టుకోలేక చివరికి రెండు సంస్థలూ ఎవరి హద్దు దాకా వాళ్లు బస్సులు నడిపాయి. కోదాడ దాటాక దిగి, ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని నడిస్తే జగ్గయ్యపేట వైపు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఏపీ బస్సు దొరుకుతుంది. కర్నూలు వైపు పంచలింగాల దగ్గరా, మిర్యాలగూడ వైపు వాడపల్లి దగ్గరా ఇదే ఏర్పాటు. పక్కనుంచి ట్రావెల్స్ బస్సులు మాత్రం ఆగకుండా పోయాయి, వాళ్లు అడిగినంత చార్జీ పెట్టుకోగలిగిన వాళ్లను ఎక్కించుకుని.

కరోనా ఒక సాకు మాత్రమే. అసలు తగాదా ఎవరి బస్సు ఎవరి రాష్ట్రంలో రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్నది. దాని మూలాలు విభజన కంటే చాలా వెనక ఉన్నాయి.

తెలంగాణలో బస్సు నిజాం కాలం నుంచే సర్కారు బస్సు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. రైల్వే నడిపేవాళ్లే బస్సులూ నడిపారు కాబట్టి రెంటికీ పోటీ రానివ్వలేదు. ఆర్టీసీ నంబరు ప్లేటు మీద కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని డిపోల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కోస్తా, రాయలసీమల్లో కథ వేరు. అక్కడ బస్సు అంటే ఊళ్లో మోతుబరిది. ఒక్కో రూటుకు ఒక్కో యజమాని, ఆయన పర్మిట్, ఆయన చెప్పిన టైము. 1956లో రెండు ప్రాంతాలు కలిశాయి, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది. తెలంగాణలో అప్పటికే ఉన్న పద్ధతిని ఆంధ్ర జిల్లాలకు తీసుకెళ్లాలంటే ఆ యజమానుల చేతుల్లోంచి రూట్లు లాక్కోవాలి. మోటారు వాహనాల చట్టానికి 1956లో చేర్చిన అధ్యాయం అందుకు దారి ఇచ్చింది. అయితే ముందు ఏ రూట్లు తీసుకుంటారో చెబుతూ స్కీమ్ ప్రకటించి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోవాలని షరతు పెట్టింది.

కృష్ణా జిల్లా ఆపరేటర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుల్లపల్లి నాగేశ్వరరావు పేరుతో ఉన్న ఆ కేసు లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠం. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తేల్చేస్తే ఆ వినడానికి అర్థమేముందని 1958లో కోర్టు స్కీమ్‌ను కొట్టేసింది. ప్రభుత్వం మళ్లీ పద్ధతి ప్రకారం వచ్చి రెండోసారి గెలిచింది. అక్కడితో అయిపోలేదు. కర్నూలు జిల్లాలో జాతీయకరణను ముందు అనుకున్న వరుస మార్చి మరీ ముందుకు జరిపారని, రాజకీయ ప్రత్యర్థుల బస్సులను దెబ్బతీయడానికే ఇదంతా చేశారని ఆపరేటర్లు ఆరోపించారు. ఆ ఆరోపణకు ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేసి సమాధానం చెప్పలేదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 1964 ఫిబ్రవరిలో నీలం సంజీవరెడ్డి ఆ వ్యాఖ్యల మీద పదవి వదులుకున్నారు. బస్సు రూట్ల కేసులో ముఖ్యమంత్రి కుర్చీ పోయిన రాష్ట్రం మనది. రూటు మీద హక్కు ఎంత విలువైనదో చెప్పడానికి ఇంకో రుజువు అక్కర్లేదు.

ఆ తర్వాత పాతికేళ్లు ఆర్టీసీకి ఎదురు లేదు. రూట్లు దాదాపు అన్నీ జాతీయమయ్యాయి. తమిళనాడులో ఊరి బస్టాండు నుంచి ప్రైవేటు బస్సు టికెట్టు కొట్టుకుంటూ బయల్దేరడం మామూలు దృశ్యం. మన దగ్గర అది చాలావరకు మాయమైంది. 1999లో ఏపీఎస్ఆర్టీసీ ప్రపంచంలోనే పెద్ద బస్సు సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

1989 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త మోటారు వాహనాల చట్టంతో ప్రైవేటుకు ఇంకో తలుపు తెరుచుకుంది. స్టేజ్ క్యారేజ్ పర్మిట్ ఉంటేనే దారిలో ఎక్కించుకుంటూ, దించుకుంటూ, మనిషికింత అని టికెట్ తీసుకోవచ్చు. అది ఆర్టీసీకే మిగిలింది. కాంట్రాక్ట్ క్యారేజ్, టూరిస్టు పర్మిట్లు మాత్రం తేలిగ్గా దొరికాయి. పెళ్లి బృందాన్నో, యాత్రికుల్నో ఒకచోట ఎక్కించుకుని ఒకచోట దించడానికి ఇచ్చేవి అవి. లక్డీకాపూల్‌లో సాయంత్రం నిలబడి చూస్తే తెలుస్తుంది, ఆ బస్సుల్లో పెళ్లివాళ్లెవరూ లేరు. సీటుకింత వసూలు చేసి, జాబితా ఒకటి డ్రైవర్ దగ్గర పెట్టుకుని రాత్రికి రాత్రి విజయవాడ, తిరుపతి, వైజాగ్ వెళ్తున్నారు. అధికారులకు తెలుసు, ప్రయాణికులకు తెలుసు. కేసులు రాస్తారు, జరిమానా కడతారు, బస్సు బయల్దేరుతుంది.

2001లో వోల్వో ఏసీ బస్సులు మన దేశానికి వచ్చాక ఈ వ్యాపారానికి హోదా కూడా వచ్చింది. ఆర్టీసీ కూడా గరుడ పేరుతో ఏసీ బస్సులు పెట్టి పోటీకి దిగింది. 2006లో ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు బెంగళూరులో ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టారు. పండక్కి హైదరాబాద్ రావడానికి టికెట్ దొరక్క పుట్టిన ఆలోచన అది. చిన్న ఆపరేటర్‌కు బస్టాండులో ప్లాట్‌ఫామ్ లేదన్న లోటు దాంతో తీరిపోయింది. ఆర్టీసీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం బస్టాండే మరి.

ఈ స్థితిలో విభజన వచ్చింది. రాష్ట్రం 2014 జూన్ 2న విడిపోయింది, ఆర్టీసీ పనులు ఆ మరుసటి ఏడాది జూన్ 3న వేరుపడ్డాయి. హైదరాబాద్ బస్ భవన్ లాంటి ఆస్తుల మీద లెక్కలు తెగక సాగాయి గానీ, బస్సుల పంపకం మాత్రం తేలిక. ఏ డిపోలో ఉన్న బస్సు ఆ డిపో ఉన్న రాష్ట్రానిది. ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ సూత్రంలోనే ముడి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో రాజధానికి వచ్చే రాత్రి సర్వీసు చాలావరకు జిల్లా డిపోది. కాకినాడ బస్సు సాయంత్రం అక్కడ బయల్దేరి తెల్లారి హైదరాబాద్‌లో దిగి, మళ్లీ సాయంత్రం వెనక్కి వెళ్తుంది. డ్రైవర్ ఇల్లు కాకినాడ, బస్సు రిపేరు కాకినాడ. కాబట్టి విభజనతో ఆ సర్వీసులన్నీ ఏపీ వైపు పడ్డాయి. ఏపీఎస్ఆర్టీసీ 1,009 బస్సులు తెలంగాణలో రోజుకు 2,65,275 కిలోమీటర్లు తిరుగుతుంటే, టీఎస్ఆర్టీసీ 746 బస్సులు ఏపీలో 1,52,344 కిలోమీటర్లే తిరిగేవి.

వేరే రాష్ట్రంలో బస్సు నడపాలంటే రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉండాలి. ఆరేళ్లు అది లేకుండానే, పాత అలవాటు మీద బండి నడిచింది. ఈలోపు 2015 ఏప్రిల్ నుంచి ఏపీ ప్రైవేటు వాహనాల దగ్గర తెలంగాణ పన్ను వసూలు మొదలుపెట్టింది. 2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగిన సమ్మె టీఎస్ఆర్టీసీ నడుం విరిచింది. సరిహద్దు అవతలేమో ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. లాక్‌డౌన్‌తో బస్సులన్నీ ఆగాక, మళ్లీ మొదలుపెట్టే ముందే లెక్క తేల్చుకోవాలని తెలంగాణ పట్టుబట్టింది. కిలోమీటర్లు సమానం కావాలి. మేం కొంత తగ్గిస్తాం, మీరు కొంత పెంచండి అని ఏపీ అడిగింది. మేం అన్ని బస్సులు పెట్టలేం, మీరే తగ్గించండి అన్నది తెలంగాణ జవాబు.

2020 నవంబర్ 2న ఒప్పందం కుదిరింది. ఏపీకి తెలంగాణలో 638 బస్సులు, 1,60,999 కిలోమీటర్లు. తెలంగాణకు ఏపీలో 826 బస్సులు, 1,61,258 కిలోమీటర్లు. పత్రికలన్నీ ఎవరు గెలిచారని రాశాయి. కూడికలు, తీసివేతలు చేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఏపీ 1,04,276 కిలోమీటర్లు వదులుకుంది, తెలంగాణ కలుపుకున్నది 8,914. అంటే రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ తిరుగుడు మొత్తం మీద రోజుకు 95,362 కిలోమీటర్లు తగ్గిపోయింది, పాతదానిలో నాలుగో వంతుకు కాస్త తక్కువ. ప్రయాణికులు అంత తగ్గలేదు కదా. పిల్లులు రెండూ కొట్లాడుకుంటే రొట్టె కోతి పాలయినట్టు, ఆ సీట్లు ట్రావెల్స్ ఖాతాలోకి పోయాయి. నా లెక్కలో ఆ ఒప్పందంలో మూడో పక్షం సంతకం పెట్టకుండానే గెలిచింది.

తర్వాత పోటీ తీరు మారింది. తెలంగాణ ఆర్టీసీ 2023 మొదట్లో కాకినాడ, విజయవాడ రూట్లలో స్లీపర్ బస్సులు పెట్టింది. అదే ఏడాది డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది, 2025 ఆగస్టు 15న ఏపీలో స్త్రీశక్తి పేరుతో. రెండుచోట్లా అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులకే; సూపర్ లగ్జరీ నుంచి పైవాటికి లేదు. దాంతో రద్దీ అంతా కింది తరగతి బస్సుల మీద పడింది. పాతబడిన సూపర్ లగ్జరీ సీట్లు విప్పి ఎక్స్‌ప్రెస్‌గా, అదీ అరిగాక పల్లెవెలుగుగా మార్చుకోవడం ఆర్టీసీ వర్క్‌షాపుల్లో ఎప్పటినుంచో ఉన్న పనే. కింద అవసరం పెరిగినప్పుడు పైనుంచి బస్సులు ముందే దిగిపోతాయి. దూరప్రయాణంలో ట్రావెల్స్‌తో తలపడాల్సింది మాత్రం ఆ పై బస్సులే.

ప్రైవేటు వైపు కూడా బస్సులు చేతులు, రాష్ట్రాలు మారుతున్నాయి, వేరే కారణానికి. పన్ను తక్కువున్న చోట, నిబంధనలు వదులుగా ఉన్న చోట రిజిస్ట్రేషన్ చేయిస్తారు. 2021 ఏప్రిల్ నుంచి ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఆన్‌లైన్‌లో, ఒకేచోట ఫీజు కడితే వస్తుండటంతో ఇది ఇంకా సులువైంది. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో తగలబడి, 19 మంది ప్రయాణికులను బలిగొన్న హైదరాబాద్–బెంగళూరు బస్సు మొదట డామన్‌లో, తర్వాత ఒడిశాలో నమోదైంది. తిరిగింది మాత్రం మన రోడ్ల మీద.

విజయవాడ రూటులో ధరల పోటీ కూడా మొదలైంది. 2025లో ఈటో మోటార్స్, ఫ్లిక్స్‌బస్ అనే ప్రైవేటు సంస్థలు కలిసి ఎలక్ట్రిక్ బస్సులు దింపి ఆరంభ ఆఫర్‌గా 99 రూపాయల టికెట్ పెట్టాయి. ఆ మే నెలలో తెలంగాణ ఆర్టీసీ అదే రూటులో బస్సు తరగతిని బట్టి 16 నుంచి 30 శాతం దాకా రాయితీ ప్రకటించింది. ఆర్టీసీలు తెచ్చుకుంటున్న ఎలక్ట్రిక్ బస్సుల్లో చాలావాటికి యజమాని ప్రైవేటు కంపెనీయే. డ్రైవర్ వాళ్లవాడు, కండక్టరూ టికెట్ డబ్బూ ఆర్టీసీవి, కంపెనీకి తిరిగిన కిలోమీటరుకు ఇంత అని కట్టాలి. సీట్లు నిండినా నిండకపోయినా ఆ డబ్బు ఇవ్వాల్సిందే. ఇక 2020 నాటి ఒప్పందంలో కిలోమీటర్లు రాశారే గానీ, దసరాకూ సంక్రాంతికీ ఆ హైవే మీద ఎన్ని సీట్లు కావాలో ఎవరూ రాయలేదు.