ఏ తూము చెడిందో చూసి ఇచ్చే ఫిట్స్ మందులు

పోయిన ఎండాకాలం దేవరకొండ బస్టాండ్‌లో మూడేళ్ల పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేశాడు, ఎడమ చెయ్యి కొట్టుకుంటోంది. ఎవరో పరుగున వచ్చి పిడికిట్లో తాళాల గుత్తి పెట్టారు. వాళ్లమ్మ దాన్ని తీసేసి, పిల్లవాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఫోన్‌లో టైం చూస్తూ కూర్చుంది. తగ్గాక చెప్పింది: "ఏడాది నిండకముందే మొదలైనయన్నా. జ్వరమొస్తే చాలు. ముందు ఇచ్చిన గోలీతోని ఇంకా ఎక్కువైనయి. ఇంకో డాక్టర్ జీన్ పరీక్ష చేయించి ఆ గోలీ మాన్పించిండు."

ఫిట్స్ గోలీతో ఫిట్స్ పెరగడమా? పెరుగుతాయి.

మెదడు కణం గోడలో సోడియం లోపలికి వచ్చే దారులుంటాయి, చెరువు తూముల్లాగా. తూము తెరిస్తే కణంలో కరెంటు పుడుతుంది. చాలా కణాలు అదుపు తప్పి ఒక్కసారే ఆ కరెంటు వదిలితే ఫిట్స్. కార్బమజెపైన్, ఫెనిటాయిన్ లాంటి మందులు ఈ తూములను బిగిస్తాయి. ఎందరికో మేలు చేస్తున్న మందులవి. కానీ ఎస్‌సీఎన్1ఎ అనే జన్యువు చెడితే కథ వేరు. ఆ జన్యువు తయారుచేసే తూములు ఎక్కువగా ఉండేది, పక్క కణాలను శాంతపరిచే కణాల్లో. అవి అసలే నీరసంగా ఉంటే, మందు వాటినే ఇంకా బిగిస్తుంది. ఇక మిగతావాటిని ఆపేదెవరు?

ఈ జన్యువు చెడితే వచ్చే మూర్ఛ జబ్బును షార్లెట్ డ్రావె అనే ఫ్రెంచ్ వైద్యురాలు 1978లో వర్ణించారు; ఆమె పేరుతోనే దాన్ని డ్రావె సిండ్రోమ్ అంటారు. జన్యువు దొరికింది 2001లో. ఇప్పుడు, ఆ జన్యువుకు మనలో ఉండే రెండు ప్రతుల్లో బాగున్న దానిచేత ఎక్కువ పని చేయించే మందులను పిల్లల మీద పరీక్షిస్తున్నారు. ఫిట్స్‌ను అణచడం కాదు, లోటును పూడ్చడం. నాకు దీని మీద చాలా ఆశ ఉంది. ఎందుకంటే ప్రపంచంలో మూర్ఛ ఉన్న సుమారు 5 కోట్ల మందిలో మూడోవంతుకు ఇప్పుడున్న మందులతో ఫిట్స్ ఆగడం లేదు.

ఇలా మూలాన్ని పట్టుకునే దారిలో, వేరే జబ్బుకు ఇప్పటికే ఒక మందు వచ్చింది. ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జన్యు జబ్బులో కణాల పెరుగుదలను నడిపే ఎంటార్ అనే వ్యవస్థకు పగ్గం తెగిపోతుంది. ఒంటి మీద ఆకు ఆకారంలో తెల్ల మచ్చలు దానికో గుర్తు. ఎంటార్‌ను తగ్గించే ఎవరోలిమస్‌ను ఈ పిల్లల ఫిట్స్‌కు వాడొచ్చని అమెరికా 2018లో అనుమతించింది. ఈ మందుకు మూలం ఈస్టర్ ద్వీపం మట్టిలోని సూక్ష్మజీవి!

అందరి మూర్ఛా జన్యువుల వల్ల రాదు. తలకు దెబ్బ, మెదడులో బద్దెపురుగు లార్వాల తిత్తులు కూడా కారణాలే. ఏదైనా సరే, డాక్టర్ చెప్పకుండా గోలీలు మానొద్దు.

"మేనరికం చేసుకున్నందుకే అని అత్తోళ్లు నన్నే అన్నరు" అంది బస్టాండ్‌లో ఆ తల్లి. విటమిన్ బి6తో ముడిపడిన ఒక అరుదైన మూర్ఛకు మేనరికంతో ముప్పు పెరిగే మాట నిజమే, తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడు జన్యువు అందాలి గనక. డ్రావె అలా కాదు. ఎక్కువమంది పిల్లల్లో ఆ మార్పు కొత్తగా పుట్టిందే. ఆమె సంచీలోంచి రిపోర్టు తీసి చూపించింది. తల్లిదండ్రుల్లో ఈ మార్పు లేదన్న వరుస కింద నీలం పెన్నుతో రెండుసార్లు గీత గీసి ఉంది.