ఫ్యూజు బాగానే ఉంది, మరి వైరెందుకు కరిగింది?

పాత కార్ల వైరింగ్ పనిలో నాకు తరచూ వినిపించే మాట ఇది: "ఫ్యూజు పోలేదు కదండీ, వైరింగ్ బాగున్నట్టే!" ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఫ్యూజు పోలేదంటే ఎక్కడా వేడెక్కనట్టే.

వాస్తవం: ఫ్యూజుకి తెలిసేది తనలోంచి ఎంత కరెంటు పోతోందన్నది ఒక్కటే. పక్కనున్న కనెక్టర్ కాలిపోతున్నా దానికి పట్టదు. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి. దారిలో ఒక టెర్మినల్ (వైరు కొసన బిగించే లోహపు ముక్క) వదులై 0.1 ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి, ఆ ఒక్కచోటే దాదాపు 10 వాట్ల వేడి పుడుతుంది. గోరంత టెర్మినల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. పైగా రెసిస్టెన్స్ పెరిగితే కరెంటు కాస్త తగ్గుతుంది కూడా. ఇక ఫ్యూజు ఎందుకు పోతుంది?

అందుకే నేను ముందు ఎక్కడ కాలిందో చూస్తాను. కనెక్టర్ దగ్గర రెండు మూడు అంగుళాలే నల్లబడి గట్టిపడితే తప్పు జాయింటుది. వైరు పొడవునా ఇన్సులేషన్ మెత్తబడి పక్క వైర్లకు అతుక్కుంటే కరెంటు మితిమీరినట్టు. అప్పుడు ఆ కట్ట మొత్తం విప్పాల్సిందే, మొహమాటం లేదు.

జాయింటు మీద అనుమానముంటే లైట్లు వేసి ఉంచి, మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, కనెక్టర్‌కి అటూ ఇటూ ప్రోబులు ఆనించండి. మంచి జాయింటు వోల్టులో కొన్ని వందో వంతులే చూపిస్తుంది. అర వోల్టు కనిపించిందా, దొంగ దొరికినట్టే. లైట్లు ఆపేసి ఓమ్స్‌లో చూస్తే లాభం లేదు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా అక్కడ బాగున్నట్టే కనిపిస్తుంది.

అపోహ: మాటిమాటికీ పోతుంటే ఒక సైజు పెద్ద ఫ్యూజు వేసేయాలి.

వాస్తవం: ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి, బల్బునో మోటారునో కాదు. 10 ఆంపియర్ల ఫ్యూజుకి సరిపోయే సన్నటి వైరు మీద 30 వేస్తే ఇక ఆ వైరే ఫ్యూజు అవుతుంది. రేటింగు దాటగానే ఫ్యూజు ఠక్కున పోతుందనుకోవడమూ పొరపాటే. బ్లేడు ఫ్యూజు (ఇప్పటి కార్లలో ఉండే, రెండు చదునైన కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజు) 10 శాతం అదనపు కరెంటుని గంటల తరబడి మోస్తుంది. 35 శాతం ఎక్కువైనా పోవడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు. ఆ పది నిమిషాలూ వైరు తట్టుకోవాలి మరి.

అపోహ: పాత ఫ్యూజు మీద 35 అని ఉంది, కొత్తది కూడా 35 వేస్తే సరి.

వాస్తవం: పాత బ్రిటిష్ కార్లలో ఇది చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. వాటి గాజు ఫ్యూజుల మీద 35 అంటే అది పోయే కరెంటు. నిరంతరం మోసేది 17 ఆంపియర్లే. ఇప్పటి బ్లేడు ఫ్యూజుల మీద రాసేది నిరంతరం మోసే రేటింగు. ఆ గాజు ఫ్యూజు స్థానంలో 35 బ్లేడు ఫ్యూజు వేస్తే రక్షణ సగానికి పడిపోతుంది. నేనైతే 15తో మొదలుపెడతాను.

అపోహ: కాలినచోట టేపు చుడితే చాలు.

వాస్తవం: నల్లబడిన రాగి సోల్డర్‌ని పట్టదు, క్రింపులోనూ (టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించే జాయింటు) సరిగ్గా కరవదు. మెరిసే రాగి కనిపించేదాకా కోసి, అదే మందం వైరు జోడించాలి. కనెక్టర్ రెండు సగాలూ మార్చండి. వేడికి ఆడ టెర్మినల్ స్ప్రింగ్ బిగువు పోతుంది, అందులోకి కొత్త పిన్ను పెట్టినా మళ్లీ కాలుతుంది.

అపోహ: రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వేస్తే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: పాత స్విచ్ మీద భారం తగ్గుతుంది, నిజమే. కానీ బ్యాటరీ నుంచి రిలేకి లాగిన కొత్త వైరుకి ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. రిలే పక్కన పెడితే మధ్యలో ఉన్న వైరుకి దిక్కు లేదు.

ఒక్కోసారి వైరింగ్ అంతా బాగుంటుంది, స్టార్ట్ చేసినప్పుడు మాత్రం యాక్సిలరేటర్ కేబుల్ కాలుతుంది. అలాంటప్పుడు ఫ్యూజు బాక్సు జోలికి పోకండి. ఇంజన్‌కీ బాడీకీ మధ్యనున్న ఎర్త్ స్ట్రాప్ (కరెంటు తిరిగి పోయే మందపాటి తీగ) తెగిందేమో చూడండి. స్టార్టర్ కరెంటు వెనక్కి పోవడానికి ఆ కేబుల్‌నే దారి చేసుకుంటుంది.